క్లీన్‌రూమ్ తలుపులు, గాలి పరికరాలు: ఏది ముందు, ఏది తర్వాత, ఎలా ఎంచుకోవాలి?

2023 డిసెంబరు 28న సవరించిన షెడ్యూల్ ఎం (మన దేశంలో మందుల తయారీ నియమాలు) నోటిఫై అయినప్పటి నుంచి జీడిమెట్ల, పాశమైలారం మొదలుకొని పరవాడ దాకా చాలా ఫార్మా యూనిట్లలో క్లీన్‌రూమ్ (గాలిలో దుమ్ము కణాలను అదుపులో ఉంచే గది) పనులు జోరుగా నడుస్తున్నాయి. చిన్న, మధ్యతరహా యూనిట్లకు ఇచ్చిన పొడిగింపు కూడా 2025 డిసెంబరు 31 దాకానే. గడువు మీద పడేసరికి ఎక్కువ చోట్ల జరిగేది ఇది: ప్యానెళ్లు వేసే వెండర్‌కే తలుపుల ఆర్డరూ ఇచ్చేస్తారు. ఏహెచ్‌యూలు (గదులకు ఫిల్టర్ చేసిన చల్లటి గాలి పంపే యంత్రాలు), డక్టింగ్ ఇంకో కాంట్రాక్టర్‌కు పోతాయి. పర్చేజ్ ఆర్డర్లు రెండు, పని చేసేవాళ్లు ఇద్దరు. తలుపు కింద మిగిలే సందు మాత్రం ఎవరి లెక్కలోనూ ఉండదు. వ్యాలిడేషన్ (గది సరిగ్గా పనిచేస్తోందని నిరూపించే పరీక్ష) రోజున ప్రెషర్ గేజ్ ముల్లు పైకి లేవకపోతే ఒకరినొకరు చూసుకుంటారు.

నేను గట్టిగా చెప్పేది ఒకటే. క్లీన్‌రూమ్‌లో తలుపు కూడా గాలి పరికరమే. హెపా ఫిల్టర్‌కు (అతి సన్నని కణాలనూ ఆపే ఫిల్టర్) ఎంత ఆలోచిస్తామో దానికీ అంత ఆలోచించాలి, అదీ ఏహెచ్‌యూతో కలిపి ఒకే షీట్ మీద. ఈ గైడ్ అంతటా ఒకే ఉదాహరణ వాడతాను: 5 మీటర్ల పొడవు, 4 మీటర్ల వెడల్పు, 2.7 మీటర్ల ఎత్తు ఉన్న టాబ్లెట్ కంప్రెషన్ క్యూబికల్ (పౌడర్‌ను మాత్రలుగా నొక్కే గది). అంటే 54 ఘనపు మీటర్లు.

1. గాలి ఎటు పోవాలో ముందు గీసుకోండి

లేఅవుట్ ప్రింట్ తీసి ప్రతి గదిలో గ్రేడు (శుభ్రత స్థాయి), ప్రెషరు, అక్కడ జరిగే పని రాయండి. తర్వాత ప్రతి తలుపు దగ్గరా గాలి ఎటు నుంచి ఎటు పోవాలో బాణం గుర్తు పెట్టండి. ఒక తలుపు దగ్గర బాణం ఎటు వేయాలో తేలలేదంటే ఆ గది ఉద్దేశమే ఇంకా తేలలేదని అర్థం. కొటేషన్లు పిలిచే ముందు అది తేల్చుకోండి.

గ్రేడుల అంకెలు ఒకసారి గుర్తు చేసుకుందాం. ఐఎస్ఓ 14644-1 అనే అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం ఘనపు మీటరు గాలిలో 0.5 మైక్రాన్లు, అంతకు మించిన సైజు కణాలు క్లాస్ 8లో 35,20,000 దాకా ఉండొచ్చు. క్లాస్ 7లో 3,52,000, క్లాస్ 5లో 3,520. ఈయూ జీఎంపీలో (ఐరోపా మందుల తయారీ నియమాలు) గ్రేడ్ డి, సి గదులు పని జరగనప్పుడు వరుసగా ఈ 8, 7 అంకెల్లోకి రావాలి. 2022లో సవరించి 2023 ఆగస్టు 25 నుంచి అమల్లోకి తెచ్చిన అనెక్స్ 1 (ఆ నియమాల్లో స్టెరైల్ మందుల భాగం) ప్రకారం వేర్వేరు గ్రేడుల పక్కపక్క గదుల మధ్య కనీసం 10 పాస్కల్స్ తేడా ఉండాలి. డిజైన్‌లో 15 పెట్టుకోవడం మంచిది. ఎందుకంటే ఫిల్టర్ కాస్త నిండినా, గాలి కాస్త ఊగినా 10 కిందికి జారకూడదు.

దిశ విషయంలో స్టెరైల్‌కు (ఇంజెక్షన్ల లాంటి సూక్ష్మజీవులు లేని మందులకు), టాబ్లెట్‌కు తేడా ఉంది. ఇంజెక్షన్ల యూనిట్లో ఫిల్లింగ్ గది అన్నిటికన్నా ఎక్కువ ప్రెషర్లో ఉంటుంది, గాలి లోపలి నుంచి బయటికి పోతుంది. టాబ్లెట్ యూనిట్లో మాత్రం కారిడార్‌ను ఎక్కువ ప్రెషర్లో, క్యూబికల్‌ను తక్కువ ప్రెషర్లో పెడతారు. ఒక క్యూబికల్ పౌడర్ కారిడార్లోకి, అక్కడి నుంచి పక్క క్యూబికల్లోని మందులోకి పోకూడదు కదా. మన ఉదాహరణలో కారిడార్ 30, క్యూబికల్ 15 పాస్కల్స్ అనుకుందాం.

2. తలుపు సందులోంచి ఎంత గాలి పోతుందో లెక్క కట్టండి

చాలామంది వదిలేసేది ఈ లెక్కనే. నిజానికి ఇది పది నిమిషాల పని. 15 పాస్కల్స్ తేడా ఉన్నప్పుడు గాలికి వచ్చే సిద్ధాంతపరమైన వేగం సెకనుకు 5 మీటర్లు. ప్రెషర్ తేడాను రెండుతో గుణించి, గాలి సాంద్రత 1.2తో భాగించి, వర్గమూలం తీస్తే ఇది వస్తుంది. సన్నని సందులో ఒరుసుకుంటూ పోతుంది కాబట్టి 0.65తో గుణించండి. సెకనుకు 3.25 మీటర్లు.

ఇప్పుడు ఒక మీటరు వెడల్పు, 2.1 మీటర్ల ఎత్తు తలుపు తీసుకోండి. కింద 10 మిల్లీమీటర్ల సందు ఉంటే దాని వైశాల్యం 0.01 చదరపు మీటరు. అందులోంచి గంటకు 117 ఘనపు మీటర్లు, అంటే సుమారు 70 సీఎఫ్ఎం (నిమిషానికి ఘనపుటడుగులు) గాలి పోతుంది. తలుపు అంచు రబ్బరు, అంటే గ్యాస్కెట్, సరిగ్గా కూర్చోక పక్కల్లో, పైన 3 మిల్లీమీటర్లు వదిలితే ఆ మూడు అంచులు కలిపి ఇంకో 182 ఘనపు మీటర్లు. మొత్తం దాదాపు 300.

ఇదే క్యూబికల్‌కు గంటకు 20 ఎయిర్ చేంజెస్ (గది గాలి మొత్తం 20 సార్లు మారడం) ఇస్తే వచ్చే సప్లై గాలి 1,080 ఘనపు మీటర్లు. అంటే ఒక్క తలుపు దగ్గర చేతులు మారే గాలి మొత్తం సప్లైలో నాలుగో వంతు పైమాటే. ఇలాంటి తలుపులు పది ఉన్న కారిడార్‌ను నిలబెట్టాలని ఏహెచ్‌యూ సైజు పెంచుకుంటూ పోవడం చిల్లు కుండలో నీళ్లు పోయడమే. ముందు సందు మూయండి, తర్వాత మోటారు చూడండి.

ఇంకో లెక్క కూడా వేసి చూడండి. 0.9 మీటర్ల తలుపు పూర్తిగా తెరిచి, ఆ ఖాళీ అంతటా సెకనుకు అర మీటరు వేగంతో గాలి ఒకే దిశలో పోవాలంటే గంటకు 3,400 ఘనపు మీటర్లు కావాలి. మన గది సప్లైకి మూడు రెట్లు. కాబట్టి తెరిచిన తలుపు దగ్గర ప్రెషర్ నిలబెట్టడం ఏ ఫ్యాన్ వల్లా కాదు. ఎయిర్‌లాక్ (రెండు గదుల మధ్య రెండు తలుపులున్న చిన్న గది) ఉండేది అందుకే. లేఅవుట్లో జాగా మిగలడం లేదని ఎవరైనా ఎయిర్‌లాక్ కొట్టేయమంటే ఈ అంకె వాళ్ల ముందు పెట్టండి.

3. తలుపు ఎటు తెరుచుకోవాలి?

సాధారణ సూత్రం: తలుపు ఎక్కువ ప్రెషర్ ఉన్న గది వైపు తెరుచుకోవాలి. అప్పుడు గాలే దాన్ని ఫ్రేమ్‌కు అదిమి పట్టి, గ్యాస్కెట్‌ను బిగిస్తుంది. స్టెరైల్ యూనిట్లో ఇది చిక్కు లేకుండా కుదురుతుంది.

చిక్కంతా టాబ్లెట్ యూనిట్లోనే. అక్కడ ఎక్కువ ప్రెషర్ కారిడార్‌ది. సూత్రం ప్రకారం తలుపు కారిడార్లోకి తెరుచుకోవాలి. ట్రాలీలు, మనుషులు తిరిగే కారిడార్లో అది అడ్డం. అందుకని లోపలికి తెరుచుకునేలా పెడతారు. అప్పుడు గాలి తలుపును లోపలికి నెడుతూనే ఉంటుంది. 1 × 2.1 మీటర్ల తలుపు మీద 15 పాస్కల్స్ అంటే 31.5 న్యూటన్లు, రమారమి 3.2 కిలోల బరువు ఆనించినంత ఒత్తిడి. డోర్ క్లోజర్ దీన్ని దాటుకుని తలుపు మూయాలి. బలం చాలకపోతే ఆఖరి రెండు అంగుళాల దగ్గర తలుపు ఆగిపోతుంది. ఆపరేటర్ రెండు చేతుల్లో కంటైనర్ పట్టుకుని వెళ్తుంటాడు, వెనక్కి తిరిగి చూడడు. డీపీ (ప్రెషర్ తేడా) అలారం మోగాక ఎవరో వచ్చి తోస్తారు.

దీనికి దారులు మూడు. కారిడార్ వెడల్పు 2.4 మీటర్లు అంతకన్నా ఎక్కువ ఉంటే ధైర్యంగా బయటికే తెరవండి. లేదా తలుపును గోడలోకి గూడులా జరిపి, తెరిచినప్పుడు రెక్క దారిలోకి రాకుండా చూడండి. రెండూ కుదరకపోతే లోపలికే తెరిచి, క్లోజర్ సైజు పెంచి, లాచ్ తప్పనిసరి చేయండి. క్లోజర్లకు ఐరోపా ప్రమాణం ఈఎన్ 1154 సైజులు ఉంటాయి: 950 మిల్లీమీటర్ల వెడల్పు, 60 కిలోల రెక్కకు సైజు 3, 1,100 మిల్లీమీటర్లు, 80 కిలోలకు సైజు 4. ఆ పట్టిక మామూలు ఆఫీసు తలుపుల కోసం. ప్రెషర్‌కు ఎదురు మూసుకోవాల్సిన తలుపుకు ఒక సైజు పైది, స్ప్రింగ్ బలం మార్చుకునే వీలున్నది అడగండి.

ఎమర్జెన్సీ ఎగ్జిట్ తలుపును విడిగా చూడాలి. పక్కపక్క గదుల మధ్య 15 పాస్కల్సే ఉన్నా 45 పాస్కల్స్ ఉన్న కోర్ గది నుంచి నేరుగా బయటికి తీసే తలుపు మీద తేడా మొత్తం 45. 1.2 × 2.1 మీటర్ల తలుపు మీద 113 న్యూటన్లు, అంటే 11 కిలోల పైనే. పైగా ఎగ్జిట్ తలుపు బయటికే తెరుచుకోవాలి కాబట్టి గాలి దాన్ని తెరిచే వైపే నెడుతుంది. పలచని షీటుతో చేసిన రెక్క పైమూల దగ్గర వంగి సందు పడుతుంది. పానిక్ బార్ (తోస్తే తెరుచుకునే అడ్డకడ్డీ), పైనా కిందా రెండు చోట్ల పట్టే లాచ్, గట్టి ఫ్రేమ్ ఉండాల్సిందే. ఇక్కడ ఖర్చు తగ్గించవద్దు. ప్రాణం మీదికి వచ్చినప్పుడు ఒక్క తోపుతో తెరుచుకోవాల్సిన తలుపు అది.

4. ఏ రకం తలుపు, ఏ మెటీరియల్

మనుషులు తిరిగే చోట స్వింగ్ తలుపే నా మొదటి ఎంపిక. స్లైడింగ్ తలుపుకు జాగా కలిసొస్తుంది గానీ పట్టాలు, రోలర్ల దగ్గర శుభ్రం చేయలేని మూలలు మిగులుతాయి. క్లీన్ చేయలేని సందులు ఉంటాయి గనుక స్లైడింగ్ తలుపులు అంత మంచివి కావని అనెక్స్ 1 కూడా చెబుతుంది. స్టెరైల్ ఏరియాలో వాటి జోలికి పోకండి. హైస్పీడ్ రోలప్ తలుపులు గోదాం, సెకండరీ ప్యాకింగ్ మధ్య బాగా పనికొస్తాయి. రోజుకు వందల సార్లు ప్యాలెట్లు పోయే చోట స్వింగ్ తలుపు నిలవదు.

మెటీరియల్లో ఎక్కువ మంది తీసుకునేది పౌడర్ కోటింగ్ వేసిన జీఐ షీటు, లోపల పఫ్ (ఫోమ్) లేదా హనీకోంబ్ (తేనెపట్టు గూళ్ల లాంటి) నింపుడు. గ్రేడ్ డి గదులకు అది చాలు, కానీ ఒక జాగ్రత్త ఉంది. రోజూ తడి మాప్ తగిలే కింది జానెడు మేర కోటింగ్ ముందు పొంగుతుంది, తర్వాత పెచ్చులూడుతుంది, ఆ కింద తుప్పు కనిపిస్తుంది. ఆడిటర్ కళ్లు కూడా ముందు అక్కడికే పోతాయి. అందుకే కింద ఎస్ఎస్ 304 కిక్ ప్లేటు, ట్రాలీ తగిలే ఎత్తులో బంపర్ వేయించండి. వాషింగ్ ఏరియా, స్టెరైల్ గదులకు, హైడ్రోజన్ పెరాక్సైడ్ ఫాగింగ్ చేసే చోట్లకు రెక్క మొత్తం ఎస్ఎస్ 304 తీసుకోండి. చెక్క అసలే వద్దు.

వ్యూ ప్యానెల్ డబుల్ గ్లేజ్డ్, రెండు వైపులా రెక్కతో సమానంగా ఉండాలి. అంచు పావు అంగుళం ఎత్తుగా ఉన్నా పౌడర్ కూర్చుంటుంది. ప్రతి తలుపుకూ వ్యూ ప్యానెల్ పెట్టండి. అవతల ఎవరున్నారో కనిపిస్తే అనవసరంగా తలుపు తీయడం తగ్గుతుంది.

ఆర్డర్ కొలతలు ఎపాక్సీ ఫ్లోరింగ్ అయ్యాకే తీయండి. కింద ఆటోమేటిక్ డ్రాప్ సీల్ పెడతాం కదా, తలుపు మూసుకోగానే అది కిందికి దిగి నేలను పట్టుకోవాలి. తలుపు వెడల్పులో నేల 3 మిల్లీమీటర్లు అటూ ఇటూ ఉన్నా ఒక వైపు పట్టి, రెండో వైపు తేలుతుంది. బిగించాక ఒక ఏ4 కాగితం తలుపు కింద పెట్టి మూసి లాగి చూడండి. ఎడమ, మధ్య, కుడి మూడు చోట్లా కాగితం గట్టిగా పట్టాలి. తర్వాత గదిలో లైట్లు ఆర్పి, అవతలి నుంచి టార్చి వేయించి అంచులన్నీ చూడండి. వెలుతురు కనిపించిన చోటల్లా గాలి పోతున్నట్టే.

5. ఇంటర్‌లాక్

అన్నిటికన్నా శుభ్రమైన గ్రేడ్ ఎ, బి గదులకు దారితీసే ఎయిర్‌లాక్ తలుపులకు ఇంటర్‌లాక్ (ఒక తలుపు తెరిచి ఉంటే రెండోది తెరుచుకోకుండా ఆపే ఏర్పాటు) ఉండాలి. సి, డి గదులకు కనీసం లైటో బజరో ఉండాలని అనెక్స్ 1 చెబుతుంది. నా సలహా అన్నిటికీ ఇంటర్‌లాకే పెట్టమని. బజరు శబ్దానికి మనుషులు వారంలో అలవాటు పడిపోతారు.

ఎలక్ట్రోమ్యాగ్నెటిక్ లాక్ కరెంటు పోగానే వదిలేసే రకం కావాలి. ఫైర్ అలారంతో కలపాలి, రెండు వైపులా ఎమర్జెన్సీ రిలీజ్ బటన్ ఉండాలి. గౌనింగ్‌కు (క్లీన్‌రూమ్ దుస్తులు వేసుకోవడానికి) రెండు నిమిషాలు పట్టే చోట అరగంటకు ముప్పై మంది వస్తారంటే క్యూ కడతారు, తలుపు బలవంతంగా గుంజుతారు. షిఫ్ట్ మారే సమయంలో ఎంతమంది వస్తారో చూసుకుని చేంజ్ రూమ్ సైజు నిర్ణయించండి.

6. గాలి పరిమాణం: 20 ఎయిర్ చేంజెస్‌తో ఆగకండి

క్లాస్ 8కు గంటకు కనీసం 20 ఎయిర్ చేంజెస్ అనే అంకె అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2004లో స్టెరైల్ మందుల కోసం ఇచ్చిన అసెప్టిక్ గైడెన్స్‌లో ఉంది. అది మొదలు మాత్రమే. మన క్యూబికల్లో మిషన్, మోటార్లు, మనుషులు కలిపి 5 కిలోవాట్ల వేడి వస్తుందనుకోండి. గది 23 డిగ్రీలు, సప్లై గాలి 15 డిగ్రీలు అయితే ఆ వేడి తీయడానికే గంటకు 1,866 ఘనపు మీటర్లు కావాలి. అంటే సుమారు 35 ఎయిర్ చేంజెస్. కణాలకు ఎంత, వేడికి ఎంత, ప్రెషర్ నిలవడానికి ఎంత అని విడివిడిగా కట్టి, పెద్దది తీసుకోవాలి.

రిటర్న్ లెక్క కూడా అందులోంచే వస్తుంది. తక్కువ ప్రెషర్ క్యూబికల్లోకి కారిడార్ నుంచి వచ్చే గాలిని సప్లైకి కలిపి, అంతా రిటర్న్, డస్ట్ ఎక్స్‌ట్రాక్షన్ ద్వారా తీయాలి. టాబ్లెట్ ప్రెస్ డస్ట్ కలెక్టర్ నడిచేటప్పుడు ఒక ప్రెషర్, ఆగినప్పుడు ఇంకో ప్రెషర్ ఉంటుంది. రెండు స్థితుల్లోనూ గేజ్ చూసి డంపర్లు (డక్టులో గాలిని తగ్గించే, పెంచే రెక్కలు) సెట్ చేయించండి. ఇక్కడే చాలామంది దెబ్బతింటారు.

రిటర్న్ గ్రిల్లులు నేలకు దగ్గరగా, రైజర్ల (గోడ పక్క నిలువు డక్టుల) ద్వారా ఉండాలి. సప్లై పైన, రిటర్న్ కూడా పైనే ఉంటే శుభ్రమైన గాలి కిందికి రాకుండానే తిరిగిపోతుంది. తలుపు పక్కనే రిటర్న్ పెట్టవద్దు.

7. ఫిల్టర్లు, ఏహెచ్‌యూ

హెపాలో హెచ్13 అంటే అత్యంత సులువుగా దూరిపోయే సైజు కణాల మీద 99.95 శాతం, హెచ్14 అంటే 99.995 శాతం. టాబ్లెట్ యూనిట్‌కు హెచ్13, స్టెరైల్‌కు హెచ్14 తీసుకుంటారు. రెండడుగుల చదరం టెర్మినల్ ఫిల్టర్ మీద సెకనుకు 0.45 మీటర్ల వేగం పెడితే గంటకు సుమారు 580 ఘనపు మీటర్లు వస్తాయి. 1,866కు నాలుగు కావాలి. ఫ్రేమ్ దగ్గర జెల్ సీల్ ఉన్నది తీసుకుంటే లీక్ టెస్ట్ రోజున టెన్షన్ తగ్గుతుంది.

ఫ్యాన్‌ను కొత్త ఫిల్టర్ రెసిస్టెన్స్‌తో కాకుండా మార్చే నాటి రెసిస్టెన్స్‌తో ఎంచుకోండి. 250 పాస్కల్స్‌తో మొదలైన హెపాను 500 దాకా వాడతారు. ఆ 250 ఫ్యాన్ దగ్గర మిగిలి ఉండాలి, వీఎఫ్‌డీతో (ఫ్యాన్ వేగం మార్చే పరికరం) అవసరం మేరకు పెంచుకోవాలి.

తేమ విషయంలో ఊరును బట్టి ఆలోచించండి. హైదరాబాద్‌లో ఇబ్బంది ప్రధానంగా వానాకాలంలో. పరవాడ లాంటి సముద్రం పక్క చోట ఏడాదిలో ఎక్కువ నెలలు అదే పోరాటం. 50 శాతం తేమకు చల్లటి నీళ్ల కాయిల్, రీహీట్ (చల్లబడిన గాలిని మళ్లీ కాస్త వేడి చేయడం) సరిపోతాయి. ఎఫర్వెసెంట్ (నీళ్లలో వేస్తే పొంగే) టాబ్లెట్లకు, తేమ పీల్చే పౌడర్లకు 30 శాతం లోపు కావాలంటే డెసికెంట్ డీహ్యుమిడిఫైయర్ (తేమ పీల్చే పదార్థంతో గాలిని ఆరబెట్టే యంత్రం) లేకుండా కుదరదు. అలాంటి గది తలుపు సందు ఇంకా ముఖ్యం, బయటి తేమంతా అక్కడి నుంచే దూరుతుంది.

కరెంటు పోయి వచ్చినప్పుడు ఏది ముందు స్టార్ట్ కావాలో ప్యానెల్లో రాయించండి. పాజిటివ్ గదులకు సప్లై ముందు, ఎగ్జాస్ట్ తర్వాత. నెగెటివ్‌గా ఉంచాల్సిన గదులకు ఎగ్జాస్ట్ ముందు.

8. పాస్ బాక్స్, ఎల్‌ఏఎఫ్, ఎయిర్ షవర్

ఒకే గ్రేడు గదుల మధ్య స్టాటిక్ పాస్ బాక్స్ (సామాను అందించేందుకు గోడలో ఉండే రెండు తలుపుల పెట్టె, సొంత గాలి లేనిది) చాలు. గ్రేడు మారే చోట హెపా ఉన్న డైనమిక్ పాస్ బాక్స్ పెట్టండి. దాని తలుపులకూ ఇంటర్‌లాక్, గ్యాస్కెట్ గదుల తలుపులంత ముఖ్యం.

డిస్పెన్సింగ్‌లో పౌడర్ తూచే చోట ఆర్‌ఎల్‌ఏఎఫ్ (పౌడర్ ఎగరకుండా గాలిని లోపలికి లాగి ఫిల్టర్ చేసే బూత్) కావాలి. దాని గాలి ఆపరేటర్ ముక్కు నుంచి కిందికి, లోపలికి పోవాలి. బూత్‌కు ఎదురుగా తలుపు పెట్టవద్దు. తలుపు తెరిచిన ప్రతిసారీ గాలి తెర చెదిరి పౌడర్ బయటికొస్తుంది. స్టెరైల్ ఫిల్లింగ్ మీది ఎల్‌ఏఎఫ్ (ఒకే దిశలో సమంగా పారే గ్రేడ్ ఎ గాలి) వేగం పనిచేసే ఎత్తులో సెకనుకు 0.36 నుంచి 0.54 మీటర్ల మధ్య ఉండాలి. వెండర్ ఫిల్టర్ కింద కొలిచి చూపిస్తే ఒప్పుకోకండి.

ఎయిర్ షవర్ (లోపలికి వెళ్లేవారి మీద గాలి వీచి దుమ్ము దులిపే గది) గురించి తరచూ అడుగుతుంటారు. ఫార్మాలో ఆ డబ్బు చేంజ్ రూమ్‌ను రెండు భాగాలు చేసి, మధ్యలో క్రాస్ ఓవర్ బెంచీ పెట్టడానికి వాడితే ఎక్కువ లాభం.

9. డబ్బు పూర్తిగా చెల్లించే ముందు

తలుపుల వెండర్‌ను, ఏహెచ్‌యూ కాంట్రాక్టర్‌ను ఒకే రోజు సైటుకు పిలవండి. ఆఖరి పది శాతం ఇద్దరికీ ఒకే టెస్ట్ రిపోర్ట్ మీద ముడిపెట్టండి. అన్ని తలుపులూ మూసి డీపీలు రాసుకోవాలి. తర్వాత ఒక్కో తలుపు తీసి మూసి, ప్రెషర్ తిరిగి రావడానికి ఎన్ని సెకన్లు పట్టిందో రాయాలి. అలారం డిలే ఆ సెకన్లను బట్టే పెట్టాలి. నోటికొచ్చిన అంకె పెడితే రోజంతా మోగి, చివరికి ఎవరో దాన్ని ఆపేస్తారు.

హెపాలకు పీఏఓ లీక్ టెస్టులో (నూనె పొగ వదిలి ఫిల్టర్‌లో చిల్లులు వెతికే పరీక్ష) ఫిల్టర్ పైనున్న పొగ గాఢతలో 0.01 శాతం మించి కిందికి రాకూడదు. రికవరీ టెస్టులో గది 20 నిమిషాల లోపు మళ్లీ శుభ్రపడాలి. స్మోక్ స్టడీని వీడియో తీయించండి, ముఖ్యంగా ప్రతి తలుపు కింద, పక్కన పొగ ఎటు పోతోందో. మొదటి అడుగులో లేఅవుట్ మీద గీసిన బాణాలు పక్కన పెట్టుకుని చూడండి.

ఇక రీక్వాలిఫికేషన్ (గదిని మళ్లీ పరీక్షించడం): గ్రేడ్ ఎ, బి గదులకు ఆరు నెలలకోసారి, సి, డి గదులకు ఏడాదికోసారి. మెయింటెనెన్స్ షెడ్యూల్లో మాత్రం తలుపులను నెలకోసారి రాయండి: డ్రాప్ సీల్ రబ్బరు అరుగుదల, హింజ్ స్క్రూలు, క్లోజర్ ఆయిల్ కారడం, కాగితం పరీక్ష. గ్యాస్కెట్, డ్రాప్ సీల్ స్పేర్లు ఆర్డర్‌తో పాటే పది శాతం అదనంగా తెప్పించి స్టోర్లో పెట్టుకోండి. రెండేళ్ల తర్వాత అదే ప్రొఫైల్ గ్యాస్కెట్ మార్కెట్లో దొరకడం కష్టం.